పంతొమ్మిదో చుక్క

ఆ చలికాలం మా ఇంట్లో ఉప్పు గురించి జరిగినంత రభస, పెళ్లివారి పప్పులో ఉప్పు తక్కువైనా జరగదు. వంటింటి ఉప్పు కాదు, మంచు మీద చల్లే ఉప్పు. ఒకవైపు మా మామగారు వాసుదేవరావుగారు. ఎనభై ఒక్కేళ్ల మనిషి, రోడ్ల శాఖ లాబొరేటరీలో ముప్ఫై నాలుగేళ్లు వంతెనల కాంక్రీటు పరీక్షించి రిటైరైన ఇంజనీరు. రెండోవైపు నేను, మృదులని, మందుల కంపెనీలో లేబుళ్ల మీద ప్రతి అక్షరం సరిచూసే ఉద్యోగం చేసే కోడల్ని. మధ్యలో మా అత్తగారు జానకీదేవి, ఆవిడ రోజూ నడవాల్సిన స్విమ్మింగ్ పూల్ డెక్.

ఆగస్టులో అత్తయ్యకి స్ట్రోక్ వచ్చింది. కాలు కొంత కోలుకుంది, కర్ర పట్టుకుని నడుస్తుంది. కుడిచెయ్యి మాత్రం పడిపోయింది. మాటల్లో మిగిలింది ఒక్కటే, "వద్దు". కాఫీ కావాలన్నా వద్దే, వద్దన్నా వద్దే. ముఖం చూసి మేం అర్థం చేసుకోవాలి. అదివరకు మా అత్తయ్య నోరు మూతపడితే పండగ చేసుకుందామనుకున్న కోడల్ని నేను. ఆ నోరు నిజంగా మూతపడ్డాక ఇల్లు ఎంత పెద్దదో తెలిసింది.

ఎండాకాలం వచ్చేసరికి ఆవిణ్ణి నీళ్లలో నిలబెట్టి వ్యాయామం చేయించాలని డాక్టరు చెప్పింది. మా పెరటి పూల్ చుట్టూ ఉన్న గచ్చు, అదే డెక్, పాతది, పగిలి ఎగుడుదిగుడుగా ఉండేది. మామగారు దాన్ని పెకలించి, కొత్తగా కాంక్రీటు పోయించారు. కాంట్రాక్టరు ఇదుగో అదుగో అంటూ అక్టోబరు నెలాఖరుకి గాని రాలేదు. పోసిన రోజు మామగారు మడతకుర్చీ వేసుకుని పొద్దుట నుంచి సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నారు. తర్వాత వారం రోజులు దాని మీద తడి గోనెలు కప్పి, బాలింత గదిలోకి తొంగిచూసినట్టు పూటకోసారి ఎత్తి చూసుకునేవారు.

డిసెంబరు మొదట్లో తొలి మంచు పడగానే మామగారు మమ్మల్నందర్నీ పూల్ వైపున్న సన్‌రూమ్‌లో నిలబెట్టి చట్టం చదివారు.

"ముందువైపు డ్రైవ్‌వేకి ఉప్పు. డెక్‌కి ఇసుక. డెక్ మీద ఇనప పార పెట్టకూడదు, ప్లాస్టిక్ పారే. ఈ ఒక్క చలికాలం దాని మీద ఉప్పు రవ్వ కూడా పడకూడదు."

"ఇసుక మంచుని కరిగించదు కదా మామయ్యగారూ?" అన్నాను.

"కరిగించదు. కాలు జారనివ్వదు. మనకి కావలసింది అదే కదమ్మా."

"ఉప్పు వేస్తే మాత్రం కొంపేం మునుగుతుంది?"

"మునగదు, పొట్టు లేస్తుంది. ఉప్పుకి మంచు కరుగుతుంది, ఆ నీళ్లు సన్న రంధ్రాల్లోకి దిగుతాయి, రాత్రికి మళ్లీ గడ్డకట్టి ఉబ్బుతాయి. పైపొర ఊడి చేతికొస్తుంది. ఏడాదైనా నిండని కాంక్రీటు అది, తట్టుకోలేదు. పూల్ కవర్ బిగించిన స్ప్రింగులకి తుప్పు పడుతుంది. ఆ ఉప్పు పూల్ నీళ్లలోకి కూడా పోతుంది."

"మీకు కాంక్రీటు ముఖ్యమా, అత్తయ్య నడుము ముఖ్యమా?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. మా ఆయన అనూప్ నా మోచెయ్యి గిల్లాడు. మామగారు ప్లాస్టిక్ పార తీసుకుని బయటికి వెళ్లి, మంచంతా పూల్‌కి దూరంగా నెట్టి, గుప్పెడు గుప్పెడుగా ఇసుక చల్లుకుంటూ వచ్చారు.

పొద్దుటి ఎండ పడేది మా ఇంట్లో ఆ డెక్ మీదే. థెరపిస్ట్ అత్తయ్యని రోజూ పది అడుగులు అక్కడే వేయించమంది. ఆవిడ బూటు కింద ఇసుక కరకరమన్నప్పుడల్లా జారిపోతోందేమోనని పరిగెత్తుకెళ్లి నడుము పట్టుకునేదాన్ని. చివరికి ఒక శనివారం, మామగారు కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు, దొంగచాటుగా ఒక సంచి ఐస్ మెల్ట్, అదే మంచు కరిగించే ఉప్పు గింజలు, కొనుక్కొచ్చాను. సంచి కనిపిస్తే దొరికిపోతానని సగం గింజలు ఒక ఖాళీ పెరుగు బకెట్లో పోసి, మిగతాది సంచితో సహా కారు డిక్కీలో దాచాను. ఐసెలిన్‌లో మనవాళ్ల కొట్లలో అయిదు కిలోల పెరుగు కొంటే వచ్చే తెల్ల బకెట్లు ప్రతి తెలుగింట్లో పది ఉంటాయి. వాటిలో పప్పులు, వడియాలు, మేకులు, పాత చార్జర్లు, ఏవైనా ఉంటాయి. దాన్ని సన్‌రూమ్ తలుపు వెనక పెట్టాను. మామగారు లేని సమయం చూసి చల్లుదామని నా ఎత్తు. ఆయన లేని సమయం దొరికితే కదా.

ఈలోగా చెయ్యి మాత్రం కదల్లేదు. థెరపిస్ట్ పసుపు రంగు ముద్ద ఇచ్చి పిసకమంటే "వద్దు". చెక్క పుల్లలు కన్నాల్లో గుచ్చమంటే "వద్దు". అత్తయ్య ఆ చేతిని శాలువా కింద దాచుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేది. ఒకరోజు థెరపిస్ట్ నన్ను వరండాలోకి పిలిచి, జనవరి ఆఖర్లో రివ్యూ ఉందని, ప్రోగ్రెస్ లేకపోతే ఇన్సూరెన్స్ వాళ్లు సెషన్లు ఆపేస్తారని చెప్పింది. ఆర్నెల్లు దాటితే చెయ్యి తిరిగి రావడం కష్టమని కూడా చెప్పింది. నేను కారులో కూర్చుని ఏడ్చాను. పద్దెనిమిదేళ్లు నాతో పోట్లాడిన ఆ చెయ్యి, నా జ్వరానికి తడిగుడ్డలు మార్చిన ఆ చెయ్యి, మా నిధిని ఊయల్లో ఊపిన ఆ చెయ్యి పోతుందంటే ఓర్చుకోలేకపోయాను.

ధనుర్మాసం వచ్చిందని మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. గుర్తుచేసే మనిషికి మాట లేదు. నేను కాపురానికొచ్చిన నాటినుంచీ ఆ నెల్లాళ్లూ అత్తయ్య గరాజ్ ముందు ముగ్గు వేసేది. మంచు పడిన రోజుల్లో గడప లోపలే వేసేది. నేను ఎప్పుడైనా వేస్తే నా వెనకే వచ్చి, చెప్పుతో చెరిపి, మళ్లీ వేసేది. "వంకర ముగ్గు వెయ్యడం కంటే బోసి వాకిలి నయం" అనేది. ఆ మాటకి నేను మూడు రోజులు అన్నం మానేసిన సంవత్సరం కూడా ఉంది.

జనవరి మొదటి వారంలో ఒకరోజు పొద్దున్న ఏడింటికి నాకు మెలకువ వచ్చింది కాళ్లకి చల్లగాలి తగిలి. రాత్రి పల్చగా మంచు కురిసి గడ్డకట్టింది. మామగారు అప్పటికే డెక్ మీద నడిచే దారి మేరకే ఇసుక చల్లి, ముందువైపు డ్రైవ్‌వే శుభ్రం చేస్తున్నారు. పార చప్పుడు వినిపిస్తోంది. అత్తయ్య మంచం ఖాళీగా ఉంది. సన్‌రూమ్ తలుపు బార్లా తీసి ఉంది.

పరిగెత్తాను. గడప దగ్గర ఆగిపోయాను.

అత్తయ్య తలుపు బయట, స్నానాల గదిలోని ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చుంది. ఒంటి మీద మామగారి ఓవర్‌కోటు. కాళ్లు రెండూ ఇసుక దారి మీద ఆన్చి ఉన్నాయి. ఎందుకూ పనికిరాదని నేను వెక్కిరించిన ఇసుకే ఆవిణ్ణి పడకుండా పట్టుకుంది. ఎడమచేత్తో ఒళ్లో పెరుగు బకెట్టు పట్టుకుంది. ముగ్గుపిండి ఎప్పుడూ అలాంటి బకెట్లోనే పెట్టుకునేది. అందులో కుడిచెయ్యి పెట్టి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గింజలు తీసి, దారి పక్కనున్న తెల్లటి మంచు మీద వదులుతోంది.

అయిదు చుక్కలు, సందు చుక్క మూడు దాకా. పెళ్లికాని పిల్లలకి మొదట నేర్పే మెలికల ముగ్గు. కొన్ని చుక్కలు కుప్పగా పడ్డాయి, కొన్ని చెదిరాయి. చుక్కల మధ్యనుంచి తీగ వణుక్కుంటూ వెళ్తోంది. ఒకచోట ఆగిపోయింది. చెయ్యి గాల్లో నిలబడి ఊగింది. ఆవిడ పెదవి కొరుక్కుని, మోచేతిని మోకాలి మీద ఆన్చుకుని, మళ్లీ కదిలించింది.

నేను అరవాలి. అది ముగ్గుపిండి కాదు, ఐస్ మెల్ట్ అని అరవాలి. కానీ అయిదు నెలలుగా కదలని వేళ్లు నా కళ్లముందు కదులుతున్నాయి. ఒట్టి కాళ్లతో ఆ చల్లటి గడప మీదే నిలబడి చూశాను.

అప్పుడు చప్పుడు మొదలైంది. చిటపట, చిటపట, పక్కింట్లో ఎవరో పోపు వేస్తున్నంత సన్నగా. గింజలు మంచులోకి దిగుతున్నాయి. మొదట వేసిన చుక్క చుట్టూ మంచు కరిగి, కింద తడిసిన కాంక్రీటు నల్లగా కనిపించింది. తర్వాత దాని పక్క చుక్క. తర్వాత తీగ, ఆవిడ వేసిన వరసలోనే, వెనకనుంచి ఒక్కొక్క మెలికే నల్లబడుతూ వచ్చింది. తెల్లటి నేల మీద నల్లటి ముగ్గు దానంతటదే విచ్చుకుంటోంది. నేను ఇన్నేళ్లలో ఎన్ని ముగ్గులు చూశానో, అలాంటిది చూడలేదు. ఇక చూడను కూడా. అత్తయ్య కూడా చెయ్యి ఆపి, నోరు కాస్త తెరిచి దానికేసే చూస్తోంది. ఇది తన చెయ్యే చేసిందా అన్నట్టు ఆ చేతికేసి చూసుకుంది.

"నానమ్మా! ఓ మై గాడ్, నానమ్మ రైట్ హ్యాండ్!" అంటూ నిధి నా వెనకనుంచి వచ్చింది. పదహారేళ్ల పిల్ల, నిద్రమొహంతోనే ఫోన్ తీసి వీడియో పట్టడం మొదలుపెట్టింది.

ఆ కేకకి మామగారు ఇంటి పక్కనుంచి వచ్చారు, ఒక చేతిలో పార, ఒక చేతిలో చీపురు. రెండడుగుల దూరంలో ఆగి, వంగి, గింజ ఒకటి వేలితో తీసి అరచేతిలో నలిపి చూశారు. ఆ మనిషికి రుచి చూడాల్సిన పని లేదు. బకెట్టు కేసి చూశారు. నాకేసి చూశారు.

"ఎవరు తెచ్చారు?"

"నేనే మామయ్యగారూ."

"లేబుల్ చదివావా?"

చదవలేదు. ఆఫీసులో ఒక్క కామా జారిపోయినా పట్టుకునే దాన్ని, ఆ సంచి వెనక్కి తిప్పి కూడా చూడలేదు. ఏడాది నిండని కాంక్రీటు మీద వాడరాదని దాని మీద ఇంత లావు అక్షరాలతో ఉందని తర్వాత చూశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఇప్పుడే ఊడ్చి తడిగుడ్డ పెడితే పోతుంది," అన్నారాయన తనలో తాను లెక్కకట్టుకున్నట్టు. "పూట గడిస్తే లోపలికి దిగిపోతుంది." చీపురు దించారు.

అత్తయ్య తలెత్తింది. కుడిచెయ్యి, ఆ కుడిచెయ్యే, వణుకుతూ లేచి ముగ్గు మీదికి అడ్డంగా వచ్చింది.

"వద్దు."

మామగారు చీపురు కర్రతో గాల్లో చూపిస్తూ చుక్కలు లెక్కపెట్టారు. "పద్దెనిమిది," అన్నారు. చీపురు గోడకి ఆనించారు. "చెయ్యి కడిగించమ్మా, గోరువెచ్చటి నీళ్లతో. ఆ గింజలు చర్మాన్ని కూడా తింటాయి." లోపలికి వెళ్లి తన మడతకుర్చీ తెచ్చి, ఆవిడ పక్కన వేసుకుని కూర్చున్నారు. ముగ్గంతా నల్లబడేదాకా ఇద్దరూ లేవలేదు. నేను తెచ్చిన నీళ్లు రెండుసార్లు చల్లారాయి.

మధ్యాహ్నం నుంచి పెద్ద మంచు పడింది. "ఆ చోటు కడిగేద్దామా మామయ్యగారూ, ఇంకా టైముంది," అన్నాను. "వద్దు," అన్నారు. అక్కడ ఎవర్నీ పార పెట్టనివ్వలేదు. పగలు కరిగి, రాత్రి గడ్డకట్టి, మళ్లీ పగలు కరిగింది. దాని కింద ఏం జరుగుతోందో ఈ ఇంట్లో అందరికంటే బాగా తెలిసిన మనిషి రోజుకోసారి కిటికీ దగ్గర నిలబడి చూసి వెళ్లేవారు.

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నాలుగో రోజున మామగారి పేర ఒక పార్సెల్ వచ్చింది.

"కాల్షియం మెగ్నీషియం ఎసిటేట్. వంతెనల మీద వాడేవాళ్లం. ఇది ఉప్పు కాదమ్మా, వెనిగర్‌కి చుట్టం. కాంక్రీటుని అంతగా తినదు, ఇనుముని తినదు. లేబుల్ చదువుకో, కావాలంటే."

ఆ 'కావాలంటే' ఒక్కటే నాకు పడిన శిక్ష. మొత్తం చదివాను, రెండుసార్లు.

ఆయన ఆ గుళికలు మా మిక్సీలో కచ్చాపచ్చాగా పట్టి, సగంపాలు ఇసుక కలిపి, పెరుగు బకెట్లో పోశారు. మిక్సీ పోయింది, నేను కిక్కురుమనలేదు. పూల్ అంచుకి ఆరడుగుల ఇవతల తాడు కట్టారు. అత్తయ్య చేతికి పల్చటి గ్లవ్ తొడిగారు. కరిగిన నీళ్లు నిలవకుండా రబ్బరు తోపుడుకర్రతో గడ్డివైపు తోసేసేవారు. అప్పటినుంచి రోజూ పొద్దున్న, గాలి మరీ కొరికెయ్యకపోతే, ఆయన ఇసుక చల్లడం, ఆవిడ స్టూలు మీద కూర్చుని ముగ్గు వెయ్యడం. ఆ మందు సోమరిది, ఉప్పులా చిటపటలాడదు. అరగంట పడుతుంది. ఆ అరగంటా అత్తయ్య దాని కేసి, పొంగని పాల కేసి చూసినట్టు విసుగ్గా చూస్తూ ఉండేది.

చుక్కలు గుండ్రబడ్డాయి. తీగ వణుకు తగ్గింది. అయిదు చుక్కలు ఏడయ్యాయి. సంక్రాంతి వెళ్లిపోయినా ఆవిడ ఆపలేదు, మేమూ ఆపమనలేదు.

జనవరి ఆఖర్లో రివ్యూకి వెళ్తే థెరపిస్ట్ చెక్క పుల్లలు ముందు పెట్టింది. అత్తయ్య "వద్దు" అని, తొమ్మిది పుల్లలూ తీసి తొమ్మిది కన్నాల్లోనూ గుచ్చింది. ఆవిడ మాటకీ చేతికీ పొంతన లేకపోవడం అంత అందంగా ఎప్పుడూ లేదు. నిధి ఆ మొదటి రోజు వీడియో చూపించింది. థెరపిస్ట్ రెండుసార్లు చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుంది. సెషన్లు ఆగలేదు. ఫిబ్రవరిలో మాటలు ఒకటీ అరా రావడం మొదలైంది. మొదటి మాట నా మీదే, "చారు... పలచన."

ఏప్రిల్ మూడో వారంలో పూల్ తెరవడానికి మనిషి వచ్చాడు. కవర్ విప్పుతూ తలుపు దగ్గరికొచ్చి ఆగిపోయాడు. డెక్ అంతా నున్నగా, బూడిదరంగులో ఉంది. ఆ ఒక్కచోట మాత్రం పైపొర లేచిపోయి, లోపలి కంకర తేలింది. చుక్కలు చుక్కలుగా, తీగ తీగగా. ఆ రోజు ఆవిడ చెయ్యి ఎక్కడ ఆగిందో, ఎక్కడ వణికిందో, ఎక్కడ గింజలు కుప్పపడ్డాయో, అంతా రాతిలో అచ్చయింది. తర్వాత వేసిన అందమైన ముగ్గుల ఆనవాలు ఒక్కటీ లేదు.

ఉప్పు వాడినట్టున్నారని, పైన కొత్త పూత వేస్తే శుక్రవారానికల్లా తెలియకుండా పోతుందని ఆ మనిషి చెప్పాడు.

"అక్కర్లేదు," అన్నారు మామగారు ఇంగ్లీషులో.

అనూప్ నవ్వాడు. "నాన్నా, ఇలాంటి స్లాబ్ ల్యాబ్‌కి వస్తే మీరు ఫెయిల్ చేసేవాళ్లు కదా?"

"చేసేవాణ్ణి," అన్నారాయన. "సంతకం పెట్టి మరీ."

ఆ మనిషి వెళ్లాక అత్తయ్య కర్ర పట్టుకుని బయటికొచ్చింది. ముగ్గు ముందు నిలబడింది. నాకు లోపల భయంగా ఉంది. ఈవిడ వంకర ముగ్గుని చెప్పుతో చెరిపే మనిషి, ఇది చెరిగేది కాదు.

"వంకర," అంది. తర్వాత కుడిచేతి చూపుడువేలు చాపింది, చివరి వరసలో ఒక మూలకి. ఆ రోజు స్టూలు మీదనుంచి చెయ్యి అందని మూల. చుట్టుకోవడానికి చుక్క లేక తీగ అక్కడ నోరు తెరుచుకుని ఉంది.

"ఏవండీ," అంది. ఆగస్టు తర్వాత ఆవిడ ఆ పిలుపు పిలవడం అదే మొదలు. "ఒక చుక్క."

"తెలుసు," అన్నారు మామగారు. "పంతొమ్మిది ఉండాలి. ఆ రోజే లెక్కపెట్టాను."

గరాజ్‌లోకి వెళ్లి, ఉలీ సుత్తీ తెచ్చారు. చలికాలమంతా ఆ కాంక్రీటుకి ప్లాస్టిక్ పార తప్ప తగలనివ్వని మనిషి, ఎనభై ఒక్కేళ్ల మోకాళ్లు పట్టుకుని దాని మీద కూర్చున్నారు. నేను స్టూలు తెచ్చి వేశాను. అత్తయ్య కూర్చుని, ముందుకు వంగి, ఆయన చేతిలోంచి ఉలి తీసుకుంది. కుడిచేత్తో. మూల దగ్గర ఆన్చింది. నచ్చలేదు. గింజంత పక్కకి జరిపి, నిటారుగా పట్టుకుంది. వేళ్లు కొద్దిగా వణికాయి, ఉలి కదల్లేదు.

మామగారు సుత్తి ఎత్తి ఆగిపోయారు. "నీ వేలు జానకీ. నా చెయ్యి కూడా మునపటిలా లేదు."

"కొట్టండి," అంది అత్తయ్య.

ఆయన కొట్టారు.